సర్ జాన్ ఎలియటు చెఱ

ఇంగ్లండు చరిత్రమును బాల్యమున బడిలో చదివినవారికి జాన్ హాంప్డెను పేరును, ఆలివరు క్రాంవెలు పేరును జ్ఞాపకముండును. ఒకడు ఓడపన్ను చెల్లింపనని న్యాయస్థానము నెదిరించినవాడు. ఇంకొకడు రాజుపై కత్తి దూసి గెలిచినవాడు. వీరిరువురికిని ముందు, అంతర్యుద్ధమునకు పదియేండ్లకు పూర్వమే, కత్తి పట్టక, జనమును రేపక, లండను కోటలో నొక చలిగదియందు దగ్గుచు ప్రాణము విడిచిన పల్లెపట్టు భూస్వామి యొకడు గలడు. ఆతడే సర్ జాన్ ఎలియటు. చెఱసాలకు తాళము వేయించినది రాజే యైనను, దానిని తెఱపించుకొనుట యెలియటు చేతిలోనే యుండెను. తప్పు చేసితినని యొప్పుకొని, ఇకమీదట సత్ప్రవర్తనతో నుందునని పూచీకత్తు వ్రాసియిచ్చినచో ఆతడు ఇంటికి, తల్లి లేని పిల్లలయొద్దకు పోగలిగియుండును. ఆ కాగితము వ్రాయలేదు. అది యొట్టి మొండితనమా, వంశగర్వమా, ధర్మమా యన్న ప్రశ్నకు సమాధానము ఆతని జీవితములోనే వెదకవలసియున్నది.

ఎలియటు 1592 వ సంవత్సరము ఏప్రిలు నెలలో, ఎలిజబెత్తు రాణి యేలుబడిలో, ఇంగ్లండునకు నైరృతిమూలనున్న కార్నువాలు మండలమున సెయింటు జర్మన్సు అను గ్రామమునందు పుట్టెను. వారి యిల్లు పూర్వమొక క్రైస్తవ మఠము. ఎనిమిదవ హెన్రీ మఠములనన్నిటిని రూపుమాపి వాని భూములను స్వాధీనపఱచుకొన్న కాలమున, 1539 లో, ఈ మఠమును మూతపడెను. అటుపిమ్మట చేతులు మాఱి, ప్లిమతు రేవున వర్తకము చేసి ధనము గడించిన ఎలియటు వంశీయునకు దక్కెను. సన్న్యాసులు జపము చేసికొన్నచోట వర్తకుని వారసులు కాపురము పెట్టి, దానికి పోర్టు ఎలియటు అని తమ వంశనామమే యుంచుకొనిరి. ఆనాటి ఇంగ్లండున పల్లెటూరి పెద్దమనుష్యులనబడిన తరగతిలో ననేకులు ఇట్లు లేచినవారే. మఠముల భూములు, రేవుల సొమ్ము, న్యాయశాస్త్రపు చదువు, ఈ మూడును కలిసి వారిని పైకి తెచ్చినవి.

వీరు ప్రభువులు కారు. కౌలునకిచ్చిన భూములపై వచ్చు రాబడితో బ్రతుకుచు, జీతము లేకయే తమ మండలమున న్యాయాధికారము నెఱపుచు, దొంగలను విచారించుచు, వంతెనలను మరమ్మతు చేయించుచు, బీదలకొఱకు వసూలైన సొమ్ము సరిగా పంపకమగుచున్నదో లేదో చూచుచు నుండెడివారు. రాజునకు మండలములలో జీతము తిను నుద్యోగులు బహు కొలదిమంది. కావున ఈ పెద్దమనుష్యులు కదలనిదే రాజాజ్ఞ లండను దాటి పల్లెకు చేరుట దుర్ఘటము. పార్లమెంటులోని సామాన్యసభయు ముఖ్యముగా వీరితోడనే నిండియుండెను. ఆ సభకు కార్నువాలు ఒక్కటియే 44 మందిని పంపుచుండెను. చిన్న చిన్న యూళ్లకు గూడ ఇద్దఱేసి సభ్యులను పంపు హక్కుండుటయే దానికి కారణము. సెయింటు జర్మన్సు అట్టి యూళ్లలో నొకటి. 1614 లో, ఇరువదిరెండేండ్ల వయస్సున, ఎలియటు తన వాకిటిలోనున్న ఆ యూరి పక్షముననే మొదటిసారి సభలో నడుగుపెట్టెను. మండలస్థానములకు వోటు వేయవలెనన్నను ఏటికి 40 షిల్లింగుల రాబడినిచ్చు స్వంతభూమి యుండవలెను. కూలివానికిని స్త్రీకిని అందులో చోటు లేదు. ప్రజల హక్కులని వారు సభలో పలికినప్పుడెల్ల చదువరులు ఈ సంగతిని మఱవకుందురుగాక.

ఆతని తండ్రి రిచర్డు అతిథుల నాదరించుటలో పేరుపడ్డవాడు. ఏకపుత్రుని అదుపులో నుంచుటలో మాత్రము ఆయనకంత నేర్పు లేకపోయెను. పొరుగుననున్న మోయిలు అను భూస్వామి ఈ పిల్లవాని దుబారాను గూర్చి తండ్రి చెవిని వేసెను. అది తెలిసి యువకుడు మండిపడి మోయిలు ఇంటికే పోయెను. మాటకు మాట పెరిగినది. కత్తి దూసి యాతనిని గాయపఱచెను. అదృష్టవశమున గాయము ప్రాణాంతకము కాలేదు. అనంతరము ఎలియటు సిగ్గుపడి, తానాతనికి గొప్ప యన్యాయము చేసితినని యొప్పుకొనుచు, సాక్షుల సంతకములతో క్షమాపణపత్రము వ్రాసియిచ్చెను. ఈ చిన్న సంగతిని నేనిచ్చట పనిగట్టుకొని చెప్పుచున్నాను. ఎలియటునకు క్షమాపణ చెప్పుకొనుట చేతకాదని యెవరైన ననుకొన్నచో అది పొరపాటు. నిజముగా తప్పు చేసిననాడు ఆతడు తన చేతితోనే వ్రాసియిచ్చినాడు.

ఆక్సుఫర్డులో మూడేండ్లు చదివి, పట్టము పుచ్చుకొనకయే వెడలి, లండనులో కొంత న్యాయశాస్త్రమును చదివి, యూరపుఖండమున కొన్నిచోట్ల తిరిగెను. ఆ పర్యటనమున జార్జి విలియర్సు అను నొక అందగాడైన యువకునితో స్నేహమయ్యెను. కాలక్రమమున ఆ విలియర్సే ప్రథమ జేమ్సురాజునకు ప్రాణసమానుడై, బకింగుహాము డ్యూకై, నౌకాదళాధిపతియై, రాజ్యములోని పదవులన్నిటికిని ద్వారపాలకుడయ్యెను. ఎలియటునకు 1618 లో సర్ బిరుదమును, తరువాత నాలుగేండ్లకు డెవను తీరమున వైసు అడ్మిరలు పదవియు వచ్చినవన్నచో అది యీ స్నేహఫలమే. తీరమున కొట్టుకొనివచ్చిన యోడల సరకులు, పట్టుబడిన సముద్రపుదొంగల సొత్తు, నావికుల నియామకము ఆతని యధికారమున నుండెను. రాబడి గల పదవి. ఆతని లెక్కలపై తరువాత విరోధులు తగవు లేవదీసిరి. ఆ విరోధులలో ముఖ్యుడు అదే పదవి కాశపడుచుండిన ప్లిమతు నివాసి సర్ జేమ్సు బ్యాగు. ఎలియటును పుట్టుకతోనే ప్రజానాయకునిగా చిత్రించిన పాత చరిత్రకారులు ఈ భాగమును తొందరగా దాటిపోయిరి. దాటిపోనక్కరలేదు. ఆతడు బకింగుహాము నీడనే పెరిగినవాడు.

ఆ నీడ యెంత చల్లనిదో యెంత చంచలమైనదో 1623 లో తెలియవచ్చెను. జాన్ నట్టు అను సముద్రపుదొంగ డెవను తీరమున వర్తకులను హడలగొట్టుచుండెను. ఎలియటు ఉపాయముతో, క్షమాదానము నాశచూపి, ఆతనిని రేవునకు రప్పించి పట్టుకొనెను. గొప్ప పని చేసితినని మెప్పు నాశించియుండును. కాని నట్టునకు రాజసభలో నొక పెద్ద యండ యుండెను. రాజ్యకార్యదర్శియగు సర్ జార్జి కాల్వర్టునకు న్యూఫౌండ్లండు ద్వీపమున వలస యొకటి గలదు. ఆ సముద్రములలో నట్టు ఆతని కుపకారము చేసియుండెను. అప్పుడు బకింగుహాము యువరాజు వివాహప్రయత్నమునకై స్పెయినుదేశమున నుండుటచే ఎలియటు పక్షమున మాటాడు దిక్కు లేకపోయెను. తుదకు దొంగ విడుదలయ్యెను. దొంగను పట్టినవాడు మార్షల్సీ చెఱసాలలో కొన్ని నెలలు కూర్చుండి డిసెంబరులో బయటపడెను. ఆతని మొదటి చెఱ యిది. ఇందులో సిద్ధాంతమేమియు లేదు. చట్టముకంటె పరిచయము బలమైనదైనచో నేమగునో యన్న పాఠము మాత్రము గలదు.

1625 మార్చిలో జేమ్సు మరణించి ఆతని కుమారుడు చార్లెసు రాజయ్యెను. బకింగుహాము అధికారము తగ్గకపోగా పెరిగెను. ఆ సంవత్సరమే స్పెయినులోని కాడిజు రేవుపైకి గొప్ప నౌకాసైన్యము పంపబడెను. నాయకులకు అనుభవము లేదు, ఆహారము కుళ్లినది, ఒడ్డునకు దిగిన భటులు ఆకలితో ద్రాక్షసారాయపు పీపాలపై పడి మత్తులై యుద్ధమును మఱచిరి. శీతకాలమున ఓడలు ప్లిమతునకు తిరిగివచ్చినప్పుడు వానినిండ రోగులును శవములును ఉండెను. ఎలియటు ఇంటికి ప్లిమతు దగ్గఱ. ఆతడు కండ్లార చూచెను. భటులకు కట్టబట్ట లేదు, తిండి లేదు. నిన్న ఒక్కనాడే ఏడుగురు వీథులలో కూలిరని ఆతడు రాజ్యకార్యదర్శికి వ్రాసెను. బకింగుహామునకును ఎలియటునకును తెగిన స్నేహమునకు స్వార్థకారణములును ఉండియుండవచ్చును. బ్యాగు పైరవీలు అప్పటికే ఆతనిని నొప్పించుచుండెను. కాని వీథిలో నేడ్గురు మనుష్యులు కూలుట చూచినవాని కోపమునకు పైరవీల కథ యంతయు సమాధానము కాజాలదని నా యభిప్రాయము.

1626 లో కూడిన పార్లమెంటున ఎలియటు సామాన్యసభకు నాయకుడై నిలిచెను. డబ్బు కావలెనని రాజడిగెను. మొదట మా కష్టములకు సమాధానము కావలెనని సభ యనెను. తుదకు బకింగుహాముపై మహాభియోగము తెచ్చిరి. సామాన్యసభ నేరము మోపగా ప్రభువులసభ విచారించు పాత పద్ధతి యది. చాలకాలము మరుగునపడి, ఆ తరములోనే మరల పైకి వచ్చియుండెను. ముగింపుప్రసంగము ఎలియటు వంతు వచ్చెను. పూర్వము రోమునగరమున టైబీరియసు చక్రవర్తిని కైవసము చేసికొని రాజ్యము చెఱచిన సెజానసు అను ప్రియసేవకునితో ఆతడు బకింగుహామును పోల్చెను. రాజునకు కోపము మిన్నుముట్టినది. ఆతడు సెజానసైనచో నేను టైబీరియసును కావలెనుగదా యని చార్లెసు అన్నాడట. ఉపమానము చెప్పినవానికంటె విన్నవాడే దానిని పూర్తిచేసెను. మే 11 న ఎలియటును, సర్ డడ్లీ డిగ్సును పట్టుకొని కోటలో పెట్టిరి. మా సభ్యులు తిరిగివచ్చువఱకు ఏ పనియు చేయమని సభ భీష్మించెను. పదిదినములు కాకముందే ఇరువురును సభకు వచ్చిరి. జూను 15 న రాజు సభనే రద్దుచేసెను.

పార్లమెంటు ఇయ్యని సొమ్మును అప్పు అను పేరుతో రాజు దేశమునుండి పిండ మొదలిడెను. తిరిగి యిచ్చు నాశ లేని అప్పు. వలదను హక్కు లేని అప్పు. ఎలియటు ఇయ్యననెను. ఆతని పదవి పోయెను. 1627 లో మరల చెఱసాల. ఆతనివలెనే డెబ్బదిమందికి పైగా పెద్దమనుష్యులు ఖైదైరి. 1628 జనవరిలో వారిని విడిచిపెట్టి రాజు మరల పార్లమెంటును పిలువవలసివచ్చెను. అప్పు నిరాకరించినవారికి వోటు వేయవద్దని కార్నువాలులో పెద్ద యొత్తిడి జరిగెను. అయినను మండలస్థానమునకు ఎలియటును, తనవలెనే చెఱననుభవించిన విలియము కోరిటనును ఎన్నుకొనిరి. ఆ సభయే హక్కుల విజ్ఞాపనమను ప్రసిద్ధశాసనమును సాధించెను. పార్లమెంటు సమ్మతి లేక పన్ను వలదు. కారణము చూపక ఎవ్వరిని చెఱ పెట్టరాదు. సైనికులను ప్రజల యిండ్లలో దింపరాదు. శాంతికాలమున సైనికశాసనము చెల్లదు. జూను 7 న రాజు దీనికి సమ్మతి నిచ్చెను. లండనువీథులలో గంటలు మ్రోగినవి, మంటలు వేసి జనము పండుగ చేసికొనిరి. ఆ వేసవియందే ఎలియటు భార్య రాడిగండు మరణించెను. తొమ్మండుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. ఆగస్టులో బకింగుహామును పోర్ట్సుమతులో నొక నిరుద్యోగియైన సైనికాధికారి కత్తితో పొడిచి చంపెను. దోషము మంత్రిది, రాజు మంచివాడేయని యంతవఱకు చెప్పుచువచ్చినవారికి ఇక ఆ తెర లేకపోయెను.

1629 మార్చి 2 వ తేదీ సోమవారమున జరిగినదానిని కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. పార్లమెంటు అనుమతి లేకయే రాజు రేవుసుంకములను వసూలు చేయించుచుండెను. చర్చిలో నూతనాచారములను ప్రోత్సహించుచుండెను. ఈ రెంటిని గూర్చి సభ తీర్మానించునేమోయని, సభాధ్యక్షుడు సర్ జాన్ ఫించుచే సభను వాయిదా వేయించుటకు రాజు ఉత్తరువిచ్చెను. అధ్యక్షుడు లేచిపోయినచో సభ లేదు. ఫించు ఆసనమునుండి లేవగానే డెంజిలు హోలిసును, బెంజమిను వాలెంటైనును చెరియొక చేయి పట్టి యాతనిని కుర్చీలో కూలవేసిరి. మేము లేచువఱకు నీవు కూర్చుండవలసినదేయని హోలిసు ఒట్టు పెట్టుకొనెను. ఎలియటు లేచి తాను వ్రాసికొనివచ్చిన తీర్మానములను చదివింపుమని యడిగెను. చదివింపనని చెప్పజాలను, కాని చదివించుటకు ధైర్యము లేదని ఫించు కన్నీరు కార్చెను. ఆతని దుఃఖమును పరిహసించుట సులభము. రాజునకును సభకును ఇద్దఱికి సేవకుడైనవాడు ఇద్దఱు విరోధించుకొన్ననాడు ఏమి చేయవలెను?

వెలుపల రాజదూత తలుపు తట్టుచుండెను. సర్ మైల్సు హోబర్టు తలుపునకు తాళము వేసి చెవి జేబులో వేసికొనెను. తలుపులు పగులగొట్టుటకు భటులు వచ్చుచున్నారని వార్త వచ్చెను. తీర్మానములు నెగ్గవని నిరాశపడి ఎలియటు అప్పటికే కాగితమును నిప్పులో పడవేసియుండెను. హోలిసు జ్ఞాపకముంచుకొన్నమేరకు వానిని నోటితో వల్లించెను: మతమున నూత్నాచారములను తెచ్చువాడు, పార్లమెంటు ఇయ్యని సుంకమును వసూలు చేయుమని యాలోచన చెప్పువాడు, అట్టి సుంకమును తానై చెల్లించువాడు దేశమునకు శత్రువు. అవుననువారందఱు అవుననిరి. తలుపు తెఱచిరి. మార్చి 10 న పార్లమెంటు రద్దయ్యెను. పదునొకండేండ్లు ఇంగ్లండున మరల పార్లమెంటు కూడలేదు.

ఎలియటుతో గూడ తొమ్మండుగురు సభ్యులు ఖైదైరి. వారిలో కొందఱు తొందరగనో ఆలస్యముగనో లొంగిరి. ఎలియటుతో గూడ కార్నువాలునుండి ఎన్నికైన కోరిటను లొంగి, పోయిన తన యుద్యోగమును తిరిగి పొందెను. ఆతనిని దూషింపను, ఆతనికిని సంసారముండెను. ఎలియటు దారి వేఱు. సభలో పలికిన మాటను గూర్చి రాజు మంత్రులు ప్రశ్నించినప్పుడు, సభలో నేను సభ్యుడను, ఇప్పుడు సామాన్యుడను. సామాన్యునిగా సభాకార్యములను గూర్చి సమాధానము చెప్పుటకు నాకధికారము లేదనెను. 1629 శరత్కాలమున న్యాయాధిపతులు జామీనుపై విడుచుటకు సిద్ధపడిరి. సత్ప్రవర్తనకు పూచీ మాత్రము వ్రాసియియ్యవలెననిరి. ఖైదీలు ఇయ్యమనిరి. పూచీ వ్రాసినచో పూర్వము దుష్ప్రవర్తన జరిగినదని తామే యొప్పుకొన్నట్లగునని వారి వాదము.

విచారణయందును ఎలియటు, ఈ న్యాయస్థానమునకు దీనిని విచారించు నధికారమే లేదను నొక్క మాటపై నిలిచెను. ఆతని పక్షమున పూర్వదృష్టాంతము లేకపోలేదు. ఎనిమిదవ హెన్రీ కాలమున రిచర్డు స్ట్రోడు అను డెవను సభ్యుడు తగరపు గనులను గూర్చి బిల్లు తెచ్చినందున గనుల న్యాయస్థానమువారు ఆతనిని చెఱ పెట్టిరి. 1512 నాటి పార్లమెంటు ఆ శిక్షను కొట్టివేసి చట్టము చేసెను. కాని అది స్ట్రోడునొక్కనికే వర్తించునని 1630 లో న్యాయాధిపతులు తేల్చిరి. రాజు కోరినంతకాలము కారాగారము, తప్పొప్పుకోలు, పూచీ. ఇవిగాక ఎలియటునకు 2,000 పౌనులును, హోలిసునకు 1,000 మార్కులును, వాలెంటైనునకు 500 పౌనులును జుల్మానా.

ఈ తగవు దూరదేశపు పాతముచ్చట యని యనుకొనరాదు. సభలో పలికిన మాటకుగాని యిచ్చిన వోటునకుగాని పార్లమెంటు సభ్యుడు ఏ న్యాయస్థానమునను జవాబుదారి కాడని భారత రాజ్యాంగమున 105 వ అధికరణము చెప్పుచున్నది. రాష్ట్రశాసనసభలకు 194 వ అధికరణము అదియే చెప్పుచున్నది. లంచము పుచ్చుకొని వోటు వేసినవానిని ఈ రక్షణ కాపాడదని 2024 మార్చి 4 న మన సుప్రీముకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు 1998 నాటి తీర్పును త్రోసిపుచ్చి నిర్ణయించిరి. ఎలియటు బ్రతికియుండినచో వారితో ఏకీభవించియుండునని నా నమ్మకము. ఆతడు కాపాడగోరినది సభ నాలుకనుగాని సభ్యుని సంచిని గాదు.

జుల్మానా వసూలు కథ కొంత నవ్వు పుట్టించును. ఎలియటు ముందుగనే తన భూములను పిల్లలకొఱకు ధర్మకర్తల పేర వ్రాసియుంచెను. తనకు రెండు అంగీలు, రెండు జతల దుస్తులు, రెండు జతల జోళ్లు, కొన్ని పుస్తకములు గలవు. వానిలో రెండువేల పౌనులు దొరికినచో తీసికొనుడని యాతడనెనట. కార్నువాలులో ఆతని యాస్తిని వెదకుటకు ఆతని పాత విరోధులనే నియమించిరి. వారును ఏమియు లేదని వ్రాసిపంపవలసివచ్చెను. ఇది చట్టము కన్నుగప్పుట కాదాయని పట్టుదలగల చదువరి యడుగవచ్చును. కన్నుగప్పుటయే. కాని ప్రాణమును పణముగ నొడ్డినవాడు పిల్లల కూటిని గూడ నొడ్డవలెనని చెప్పుటకు నాకు నోరు రాదు.

పిల్లలు కొంతకాలము మాతామహుని యింట పెరిగిరి. పెద్దవాడు జాన్, రెండవవాడు రిచర్డు ఆక్సుఫర్డులో చదువుచుండిరి. చెఱసాలనుండి తండ్రి వ్రాసిన యుత్తరములలో నీతిబోధలు మెండు, కొన్ని మిక్కిలి దీర్ఘములు. పొరుగువానిపై కత్తి దూసిన కుఱ్ఱవాడే ఇప్పుడు కోపము నణచుకొనుడని కొడుకులకు బోధించుచుండెను. వారును తండ్రి రక్తమే. రిచర్డు కళాశాలలో తగవు తెచ్చుకొనెను. ఈ దశలో మిత్రధర్మమును పాటించినవాడు జాన్ హాంప్డెను. అప్పటికి ఆతని పేరు దేశమున కెక్కువగా తెలియదు. ఆతడు కుఱ్ఱవాండ్రను తన యింటికి పిలిపించి, వారి గుణములను తండ్రికి దాపరికము లేక వ్రాసి, ఒకనిని దేశాటనమునకు ఫ్రాన్సుకు పంపుమనియు, రెండవవానిని నెదర్లండ్సు యుద్ధములో సైనికవిద్యకు పంపుమనియు ఆలోచన చెప్పెను. చెఱలోనున్న మిత్రుని పిల్లలకు పెద్దదిక్కగుట చరిత్రపుస్తకములలో యుద్ధమంత స్థలము నాక్రమింపదు. ఓడపన్ను వ్యవహారమున దేశము హాంప్డెనునందు చూచిన శాంతస్థైర్యము మొదట ఈ యుత్తరములలోనే కనబడుచున్నది.

ఎలియటు చెఱలో గ్రంథరచన చేసెను. 1625 నాటి పార్లమెంటు చరిత్రమును రాబోవు తరములకొఱకు వ్రాసిపెట్టెను. సోక్రటీసు పక్షమున నొక సమర్థనము వ్రాసెను. సోక్రటీసను ముసుగులో నున్నది ఎవరో చెప్పనక్కరలేదు. మనుష్యుని రాజ్యమను అర్థము గల పేరుతో నొక పెద్ద తత్త్వగ్రంథమును వ్రాసి, వ్రాతప్రతిని హాంప్డెనునకు పంపెను. పూర్వగ్రంథములనుండి యెత్తిన వాక్యములతో అది నిండియుండెను. హాంప్డెను మెచ్చుకొనుచునే సున్నితముగ నొకమాట వ్రాసెను: ఏరిన పూలను సన్నని దారమున గ్రుచ్చిన గుత్తి బాగున్నది గాని, ఆ పూలనుండి మిత్రుడు తానే చేసిన తేనెను నేను కోరుదునని. ఇంతకంటె మర్యాదగల విమర్శ నేను చదువలేదు. వింతయేమన్నచో ఆ గ్రంథమున ఎలియటు రాజరికమే పాలనాపద్ధతులలో నుత్తమమని వాదించెను. రాజు చెఱలో రాజు నన్నము తినుచు రాజరికమును పొగడెను. ఆతడు రాజద్రోహి యన్నవారు ఆ పుస్తకము చదువలేదు.

ఆతనిలో మనకు నచ్చనిది లేకపోలేదు. సభకు వాక్స్వాతంత్ర్యము కావలెనని ప్రాణమిచ్చినవాడు, కాథలిక్కులకు మనస్సాక్షి స్వాతంత్ర్యము కావలెనని కలలోనైన తలపలేదు. మార్చి 2 నాటి తీర్మానములలో మొదటిదే యితరమతాభిప్రాయములను అణచుటకు ఉద్దేశింపబడినది. తన తరము గోడలను దాటి చూచిన మహర్షి కాడాతడు. ఒక్క గోడలో నొక్క సందు చేసినవాడు.

1631 చివర ఆతనిపై కట్టుబాటు లెక్కువైనవి. మిత్రులు వచ్చుట తగ్గించిరి; చీకటియు చలియు గల గదికి మార్చిరి. దీపము వెలిగించుకొనవచ్చును గాని నిప్పు దాదాపు లేదని ఆతడు మిత్రునకు వ్రాసెను. దగ్గు ముదిరి క్షయ యయ్యెను. 1632 శరత్కాలమున వైద్యుల సలహాపై రాజునకు విజ్ఞాపనము పంపెను: కోటలోని గాలిచే ప్రమాదకరమైన వ్యాధి వచ్చినది, ఆరోగ్యముకొఱకు కొంత మంచిగాలి పీల్చుటకు విడుదల చేయింపుడని. ఇందులో తగినంత వినయము లేదని చార్లెసు త్రోసివేసెను. రెండవ విజ్ఞాపనము కుమారునిచేత పంపెను. దేవరకు కోపము తెప్పించినందులకు విచారించుచున్నాననియు, ఆరోగ్యము కుదిరిన వెంటనే మరల చెఱకు తిరిగివచ్చెదననియు వ్రాసెను. విచారించెనుగాని తప్పు చేసితినని వ్రాయలేదు. మోయిలు కిచ్చిన పత్రమునకును దీనికిని గల భేదము ఈ యొక్క వాక్యములోనే యున్నది. తప్పొప్పుకొన్నచో విడుదల యగునని కోట యధికారి హితవు చెప్పెను. మీ సలహాకు కృతజ్ఞుడను. నా ప్రాణశక్తులిప్పుడు కడు దుర్బలములై యున్నవి, దేవుని దయవలన మరల బలము వచ్చినప్పుడు ఆలోచించెదనని ఖైదీ బదులు చెప్పెను.

బలము రాలేదు. నవంబరు 27 న, నలువది నిండిన యేటనే, ఎలియటు కోటలో మరణించెను. తండ్రి దేహమును కార్నువాలునకు తీసికొనిపోయి పూర్వుల సరసను పూడ్చుకొనుటకు సెలవీయవలెనని కుమారుడు రాజు నర్థించెను. ఏ పరగణాలో మరణించెనో ఆ పరగణా చర్చిలోనే పూడ్చవలసినదని చార్లెసు ఆ యర్జీ క్రిందనే వ్రాయించెను. కోటలోపలనున్న సెయింటు పీటరు చర్చిలో దేహమును పూడ్చిరి.

ఆతనితో ఖైదైన వాలెంటైనును, విలియము స్ట్రోడును లొంగక 1640 జనవరి వఱకు చెఱలోనే యుండిరి. ఆ సంవత్సరము చార్లెసు విధిలేక పిలిచిన పార్లమెంటు 1641 లో, పూర్వము జరిగిన ఖైదులును శిక్షలును సభాహక్కులకు భంగకరములని తీర్మానించెను. 1647 లో ఎలియటు బిడ్డలకు 5,000 పౌనుల పరిహారమును మంజూరు చేసెను. అంతర్యుద్ధము జరిగినది, రాజు శిరస్సు పోయినది, రాజ్యము పోయి మరల వచ్చినది. 1668 ఏప్రిలులో, రెండవ చార్లెసు కాలమున, ప్రభువులసభ 1630 నాటి తీర్పును తప్పని కొట్టివేసెను. అప్పటికి ఎలియటు చనిపోయి ముప్పదియైదేండ్లు దాటినది. వాదులలో హోలిసొకడు బ్రతికియుండి, తానే ప్రభువై ఆ సభలో కూర్చుండియుండెను. ఎలియటు దేహమును మాత్రము కోటనుండి యెవరును కదలింపలేదు.